అజీగర్తుడు నిర్దోషి, ఆంధ్రులు దోషులు

తెలుగు పిల్లల చరిత్ర పుస్తకాల్లో తప్పకుండా కనిపించే వాక్యం ఒకటుంది. 'ఆంధ్ర' అనే పేరు మొట్టమొదట ఐతరేయ బ్రాహ్మణంలో వస్తుందని. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు దాన్ని ఒక మార్కు బిట్టుగా బట్టీ పడతారు. కొన్ని పుస్తకాలు ఇంకాస్త ముందుకు పోయి 'ఆంధ్రులు విశ్వామిత్రుని సంతతి' అని రాసి, అదేదో వంశగౌరవం అన్నట్టు అక్కడ ఆగిపోతాయి. ఆ పేరు ఏ కథలో వచ్చింది, ఏ సందర్భంలో వచ్చింది అన్నది చెప్పవు. చెబితే గౌరవం మిగలదు. తన మాట కాదన్న యాభై మంది కొడుకులను ఒక తండ్రి శపించి, వాళ్ల సంతానాన్ని అంచులకు తోసేశాడు. అలా దస్యులైపోయిన వాళ్ల జాబితాలో మొదటి పేరు మనది.

ఆంధ్రుల తరువాత ఆ జాబితాలో పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు ఉన్నారు. మంగ్లాలో కూర్చుని దాన్ని చదివితే మాకు పుస్తకంలో చదువుతున్నట్టు అనిపించదు. బిలాస్‌పూర్‌కు రైల్వే పనుల మీద వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు మా చుట్టూ ఉన్నాయి. శబరుల పేరే మోస్తున్న సవరలు ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలోనూ ఉన్నారు, ఆంధ్రప్రదేశ్ జాబితాలోనూ ఉన్నారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఒకే శాపంలో పక్కపక్కన పడ్డ రెండు పేర్లు ఆయన బల్ల మీద మళ్లీ కలిశాయని మేము సరదాగా అనుకుంటాం.

కథలోకి వద్దాం. ఐతరేయ బ్రాహ్మణం ఏడవ పంచికలో ఉంది. హరిశ్చంద్రుడు ఇక్ష్వాకు వంశపు రాజు. నూరుగురు భార్యలున్నా కొడుకు లేడు. కొడుకు వల్ల ఏం లాభమని నారదుణ్ణి అడుగుతాడు. నారదుడు చెప్పిన జవాబంతా లాభాల లెక్కే: కొడుకు పుడితే తండ్రి రుణం తీరుతుంది, కొడుకు తండ్రిని ఒడ్డు చేర్చే పడవ, పరలోకంలో వెలుగు. అదే వరసలో కూతురు దుఃఖమని కూడా అనేస్తాడు. కొడుకుకు తండ్రి వల్ల ఏం లాభమో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆ ఏకపక్షపు లెక్క మీదే మిగతా కథంతా నిలబడింది.

హరిశ్చంద్రుడు వరుణుడికి మొక్కుకుంటాడు. కొడుకునిస్తే ఆ కొడుకునే నీకు బలి ఇస్తానని. రోహితుడు పుడతాడు. వరుణుడు వచ్చి అడిగిన ప్రతిసారీ రాజు వాయిదా కోరతాడు. పది రోజులు దాటనీ, పళ్లు రానీ, పాలపళ్లు ఊడనీ, మళ్లీ పళ్లు రానీ, కవచం తొడిగే వయసు రానీ అని. కోర్టు వాయిదాలు చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. చివరికి కొడుకును పిలిచి, నిన్ను నాకిచ్చిన వాడికే నిన్ను బలి ఇస్తానంటాడు. రోహితుడు కుదరదని చెప్పి విల్లు పట్టుకుని అడవికి పోతాడు. వేద వాఙ్మయంలో తండ్రి మొహం మీద 'కాదు' అనగలిగిన కొడుకు ఇతను. ఎందుకు అనగలిగాడంటే, చేతిలో విల్లుంది. రాజు కొడుకు.

వరుణుడు పట్టుకున్నాడు, తండ్రికి పొట్ట ఉబ్బింది. రోహితుడు ఏళ్ల తరబడి అడవుల్లో తిరిగాడు. ఆరో ఏట ఆకలితో మాడుతున్న అజీగర్తుడనే ఋషి కనిపించాడు. ముగ్గురు కొడుకులు. వీళ్లలో ఒకణ్ణి ఇస్తే నూరు ఆవులిస్తాను, వాణ్ణి నాకు బదులుగా పెట్టి నేను బయటపడతానని రోహితుడు బేరం పెట్టాడు. పెద్దవాణ్ణి ఇవ్వనని తండ్రి పట్టుకున్నాడు. చిన్నవాణ్ణి ఇవ్వనని తల్లి పట్టుకుంది. మధ్యవాడు శునశ్శేపుడు అమ్ముడుపోయాడు. క్షత్రియుడి కంటే బ్రాహ్మణుడు మేలే కదా అని వరుణుడు ఒప్పుకున్నాడు. దేవుడి లెక్కలోనూ వర్ణానికి రేటుంది.

రాజసూయ యాగం మొదలైంది. విశ్వామిత్రుడు హోత, జమదగ్ని అధ్వర్యుడు, వసిష్ఠుడు బ్రహ్మ, అయాస్యుడు ఉద్గాత. ఇంతమంది మహర్షులుండగా కుర్రాణ్ణి స్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇంకో నూరు ఆవులిస్తే నేను కడతానన్నాడు అజీగర్తుడు. కట్టాడు. నరకడానికీ ఎవరూ రాలేదు. మరో నూరు ఇవ్వండి, నేనే నరుకుతానని కత్తి నూరుకుంటూ వచ్చాడు. నన్ను మనిషి కాదన్నట్టు చంపబోతున్నారని అనుకున్న శునశ్శేపుడు దేవతలను ఒక్కొక్కరినే వేడుకుంటాడు. ఋగ్వేదం మొదటి మండలంలో 24 నుంచి 30 వరకు ఉన్న సూక్తాలు అతని పేరు మీదే ఉన్నాయి. కట్లు ఊడిపోయాయి. రాజు పొట్ట తగ్గింది. శునశ్శేపుడు పోయి విశ్వామిత్రుడి ఒళ్లో కూర్చున్నాడు. అజీగర్తుడు నా కొడుకును నాకివ్వమని అడిగితే, దేవతలు నాకిచ్చారు, ఇవ్వనన్నాడు విశ్వామిత్రుడు. కొడుకూ తండ్రి వెంట పోనన్నాడు. నువ్వు చేసింది దిద్దుకోలేనిదన్నాడు.

ఇక్కడ మేము ఆగి రెండు సంగతులు చూపించదలిచాం. మొదటిది, తండ్రిని నిలదీస్తూ శునశ్శేపుడు వాడిన మాట. శూద్రుల్లో కూడా కనపడనిది నీ చేతిలో కనపడిందంటాడు. స్తంభానికి కట్టిన తాళ్లు అప్పుడే ఊడిన కుర్రాడు, కన్నతండ్రి మూడొందల ఆవులకు మూడుసార్లు అమ్మిన కుర్రాడు, క్రూరత్వానికి కొలమానంగా శూద్రుణ్ణే తీసుకున్నాడు. ఆ కథలో ఎవరికీ ఏ హానీ చేయని మనుషులు ఆ శూద్రులు ఒక్కరే. రెండోది, విశ్వామిత్రుడి ఒడి. ఆదుకున్నాడు, దత్తత తీసుకున్నాడు, నిజమే. మేము దాన్ని తక్కువ చేయం. కానీ కట్లు ఊడే దాకా ఆయన హోత స్థానంలోనే కూర్చుని ఉన్నాడు. కత్తి నూరే చప్పుడు ఆయనకూ వినపడే ఉంటుంది.

ఇప్పుడు మన పేరు వస్తుంది. విశ్వామిత్రుడికి నూటొక్క మంది కొడుకులు. శునశ్శేపుడికి దేవరాతుడని పేరు పెట్టి, ఇతనే మీ అందరికీ పెద్దన్న అని ప్రకటించాడు. మధుచ్ఛందుడి కంటే పెద్దవాళ్లయిన యాభై మంది దీన్ని మేలనుకోలేదు. అంతే, గ్రంథం వాళ్ల గురించి చెప్పింది అంతే. నారదుడికి గాథలున్నాయి, అజీగర్తుడికి సంభాషణ ఉంది, ఇంద్రుడికి ఉపదేశం ఉంది. ఈ యాభై మందికి ఒక్క వాక్యం లేదు. ఏం అభ్యంతరం చెప్పారో, అసలు చెప్పనిచ్చారో లేదో తెలియదు. మీ సంతానం అంచులను అనుభవించుగాక అని తండ్రి శపించాడు. వాళ్లే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. దస్యుల్లో చాలామంది విశ్వామిత్ర సంతతే అని గ్రంథం ముగిస్తుంది. ఒప్పుకున్న మధుచ్ఛందుడికీ, మిగిలిన తమ్ముళ్లకూ పశువులు, పుత్రులు దీవెనగా దక్కాయి. శాపంలో వాడిన మాట 'అంత'. అంటే కొస, అంచు. తరవాతి కాలంలో మన తాతల నుదుటి మీద రాసిన 'అంత్యజుడు' అన్న మాటలో ఉన్నదీ అదే.

ఆ యాభై మందిని వీరులుగా నిలబెట్టాలని మాకు లేదు. కొత్తగా వచ్చిన అనాథకు పెద్దరికం ఇవ్వడం ఇష్టం లేక, ఆస్తి పోతుందన్న బాధతో వాళ్లు కాదని ఉండవచ్చు. అలాగే అనుకుందాం. అయినా శిక్ష చూడండి. తప్పు చేసిన కొడుకుకు వాటా తగ్గించలేదు. పుట్టని మనవళ్లకు, ముని మనవళ్లకు, ఒక దేశానికి దేశానికే శిక్ష వేశారు. ఇంగ్లండులో రాజద్రోహం చేసిన వాడి రక్తమే చెడిపోయిందని చెప్పి పిల్లలకు వారసత్వం లేకుండా చేసే పాత పద్ధతి ఉండేది. 1870లో చట్టం చేసి దాన్ని తీసేశారు. మరుసటి ఏడు, 1871లో, అదే ప్రభుత్వం మన దేశంలో నేరస్త తెగల చట్టం తెచ్చి పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసింది. తమ ఇంట్లో చెల్లదన్న సూత్రాన్ని మన దేశంలో ఎలా నడిపారంటే, ఇక్కడ దానికి నేల ముందే దున్ని ఉంది. దస్యుడు అన్న మాటకు దొంగ అనే అర్థం కూడా ఉంది మరి.

అది పాత కథ, ఎవరు పట్టించుకుంటారు అని మనవాళ్లే కొందరు అంటారు. పట్టించుకునేలా ఆ గ్రంథమే ఏర్పాటు చేసింది. రాజసూయంలో పట్టాభిషిక్తుడైన రాజుకు ఈ కథను హోత వినిపించాలి. చెప్పినవాడికి వెయ్యి ఆవులు, మధ్యలో ఊకొట్టినవాడికి నూరు. ఊకొట్టినందుకు ఇచ్చే కూలీ, శునశ్శేపుణ్ణి కొన్న ధర ఒకటే. అంతటితో అయిపోలేదు. కొడుకులు కావాలనుకునేవాళ్లు కూడా ఈ కథ చెప్పించుకుంటే కొడుకులు పుడతారట. కొడుకును అమ్మిన కథ, కొడుకులను శపించిన కథ, కొడుకుల కోసం పారాయణం. రాజుకు గద్దె మీద కూర్చోబెట్టి మొదటి రోజే వినిపించే పాఠం ఇది: చెప్పిన మాట వినేవాడికి పశువులు, విననివాడికి అంచులు.

తరవాతి గ్రంథాలు ఈ పాఠాన్ని వదల్లేదు, బిగించాయి. రామాయణం బాలకాండలో రాజు పేరు అంబరీషుడు, తండ్రి పేరు ఋచీకుడు, ధర లక్ష ఆవులకు పెరిగింది. అక్కడ విశ్వామిత్రుడు శునశ్శేపుడికి బదులు మీరు బలికి పొండని తన కొడుకులనే అడుగుతాడు. పరాయి కొడుకు కోసం సొంత కొడుకులను చంపుకుంటావా అని వాళ్లు ఎదురు చెబుతారు. ఇక్కడ వాళ్లకు నోరొచ్చింది. వాళ్లు కాదన్నది తమ చావును. దానికి శాపం, వెయ్యేళ్లు కుక్కమాంసం తింటూ హీనజాతుల్లో బతకమని. మహాభారతం ఆదిపర్వంలో యయాతి తన ముసలితనం తీసుకోమని కొడుకులను అడుగుతాడు. కాదన్న నలుగురికీ శాపాలే. తుర్వసుణ్ణి ఆచారం లేని మ్లేచ్ఛుల మధ్య పడేశాడు. ఒప్పుకున్న పూరుడు ఆఖరివాడైనా రాజ్యం దక్కించుకున్నాడు. నన్నయ మనకు దీన్ని తెలుగులోనే ఇచ్చాడు. కులం పుట్టుకతో వస్తుందని పండితులు చెబుతారు. వాళ్ల గ్రంథాలే విప్పితే కనిపించేది వేరు. తండ్రి ఇంటి నుంచి, ఆస్తి నుంచి వెళ్లగొట్టడమే అక్కడ జాతి అవుతోంది. శూద్రులెవరు అన్న ప్రశ్నకు బాబాసాహెబ్ 1946లో రాసిన పుస్తకంలో, వాళ్లు ఒకప్పటి క్షత్రియులే, ఉపనయనం నిరాకరించి కిందికి తోశారని వాదించారు. తోయడం ఎలా జరిగిందో ఆయన చట్టం వైపు నుంచి చూపించారు. ఈ కథలు అదే పనిని ఇంటి లోపలి నుంచి చూపిస్తాయి.

మనుస్మృతి పదో అధ్యాయాన్ని ఈ దృష్టితో చదివితే, న్యాయశాస్త్రం చదువుకున్న మాకు కూడా మొదట నమ్మబుద్ధి కాలేదు. ఆ అధ్యాయంలోనే ఆంధ్రులను సంకర జాతిగా లెక్కించి, ఊరి బయట ఉండేవాళ్లుగా, అడవి జంతువులను చంపి బతికేవాళ్లుగా నిర్ణయించారు. అదే అధ్యాయంలో మరికొన్ని శ్లోకాల తరవాత, అజీగర్తుడు ఆకలితో కొడుకును చంపబోయినా పాపం అంటలేదని తీర్పు ఉంది. ఇంకో మూడు శ్లోకాలు దాటితే, ఆకలేసిన విశ్వామిత్రుడు చండాలుడి చేతి నుంచి కుక్క తొడ మాంసం తినబోయిన ప్రస్తావన, అదీ ఆపద్ధర్మమే. కొడుకును అమ్మిన తండ్రి నిర్దోషి. కుక్కమాంసానికి చేయి చాచిన తండ్రి నిర్దోషి. తండ్రి ఎదుట నోరు విప్పిన కొడుకులకు మాత్రం కుక్కమాంసం శిక్ష, ఊరి బయట బతుకు. ఆకలి బ్రాహ్మణుడికి మినహాయింపు అయితే, ఊరి బయట ఉంచిన వాడికి ఆకలే వృత్తి అయింది. మనువు ఎనిమిదో అధ్యాయంలో భార్య, కొడుకు, దాసుడు ముగ్గురికీ సొంత ధనం లేదంటాడు. ముగ్గురినీ ఒకే గాటన కట్టడం పొరపాటున జరిగింది కాదు.

ఈ శాపాన్ని మోసినవాళ్లు అధికారంలోకి వచ్చాక ఏం చేశారు? పురాణాలు శాతవాహనులను ఆంధ్రులంటాయి. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది. ఆ గుహ భిక్షువులకు దానం. అదే శాసనంలో తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి నాలుగు వర్ణాల కలయికను ఆపినవాడని ఆ తల్లి పొగుడుకుంది. భిక్షు సంఘానికి గుహ, వర్ణానికి కంచె. ఆ రాజులు తల్లి పేరుతో పిలిపించుకున్నారని మనం మురిసిపోతాం. శపించిన తండ్రి చట్టాన్నే తలకెత్తుకున్నారని కూడా చెప్పుకోవాలి.

తెలుగువాళ్లకు హరిశ్చంద్రుడంటే వేదం గుర్తురాదు, నాటకం గుర్తొస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్య హరిశ్చంద్ర'. కాటి సీనులో గుర్రం జాషువా గారి పద్యాలు పాడితే లేచి వెళ్లేవాడుండడు. మాకూ ఆ పద్యాలంటే ప్రాణం. కానీ ఆ నాటకంలో సత్యం నిలబెట్టడానికి అమ్ముడుపోయేది ఎవరు? చంద్రమతి, లోహితాస్యుడు. మాట ఇచ్చింది తండ్రి, ధర పలికింది భార్యాబిడ్డలు. ఆపైన హరిశ్చంద్రుడికి పడ్డ కష్టాల్లో పరాకాష్ఠ ఏమిటి? చండాలుడి దగ్గర పనిచేయాల్సి రావడం. ప్రేక్షకుడు ఎక్కడ ఏడవాలో నాటకం అలా నిర్ణయించింది. జాషువా ఆ శ్మశానంలోకి సమానత్వాన్ని తెచ్చి పెట్టాడు. కథ మాత్రం మారలేదు. 1920లో 'శంబూక వధ' రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి గారు ఇంకో తండ్రీకొడుకుల కథను పట్టుకున్నారు. చనిపోయిన కొడుకును మోసుకొచ్చిన బ్రాహ్మణ తండ్రి దుఃఖం తీరడానికి రాముడు తపస్సు చేసుకుంటున్న శూద్రుడి తల నరికిన కథ అది. హరిశ్చంద్రుడి మీద అంత పదునైన తెలుగు నాటకం ఎవరైనా రాస్తే మేము రైలెక్కి వచ్చి చూస్తాం.

ఇక మన వైపు. ఇక్కడ తేలికగా దాటిపోకూడదు.

దీఘ నికాయంలోని అంబట్ఠ సుత్తంలో శాక్యుల పుట్టుక కథ ఉంది. ఒక్కాకుడు, అంటే ఆ ఇక్ష్వాకు రాజే, ముద్దుల రాణి కొడుకు కోసం పెద్ద కొడుకులను దేశం నుంచి పంపేశాడు. వాళ్లు హిమాలయం పక్కన చెట్ల నీడన స్థిరపడ్డారు. కొన్నాళ్లకు రాజు వాళ్ల గురించి విని, సమర్థులే అని మెచ్చుకున్నాడు, ఆ మెచ్చుకోలే వాళ్ల పేరైంది. వెళ్లగొట్టిన కొడుకులకు ఒక గ్రంథంలో దస్యులని పేరు, ఇంకో గ్రంథంలో సమర్థులని పేరు. అలాగని ఈ కథ కడిగిన ముత్యం కాదు. వంశం కలుషితం కాకూడదని ఆ రాకుమారులు అక్కచెల్లెళ్లనే పెళ్లాడారని కూడా అందులోనే ఉంది.

సిగాలోవాద సుత్తం మాకు ఇంకా గట్టి ఆధారం. రాజగృహంలో సిగాలుడనే గృహస్థు కొడుకు తెల్లారి తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతున్నాడు. చనిపోతూ తండ్రి చెప్పిన మాట. బుద్ధుడు నీ తండ్రి మాట పారేయమనలేదు, గుడ్డిగా పాటించమనీ అనలేదు. తూర్పు అంటే తల్లిదండ్రులని అర్థం చెప్పి, కొడుకుకు ఐదు విధులు, తల్లిదండ్రులకు ఐదు విధులు పెట్టాడు. తల్లిదండ్రుల ఐదో విధి: తగిన సమయంలో ఆస్తిని పిల్లలకు అప్పగించడం. తల్లిదండ్రులు బతికుండగా కొడుకులకు పంచుకునే అధికారం లేదన్న మనువు పక్కన దీన్ని పెట్టి చదవండి. మితాక్షర కొడుకుకు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది, పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, నిజమే. కూతురికి ఆ హక్కు రావడానికి మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 1985 దాకా, దేశమంతటా 2005 దాకా ఆగాల్సి వచ్చింది. తండ్రి అప్పు తీర్చడం కొడుకు మత ధర్మమన్న పాత సూత్రాన్ని తీసేసింది కూడా ఆ 2005 సవరణే. హిందూ కోడ్ బిల్లు నడవనందుకు 1951లో మంత్రి పదవి వదిలేసిన మనిషి ఎవరో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు.

రాహులుడి సంగతీ ఇలాంటిదే. తల్లి పంపితే వచ్చి, నా వారసత్వం నాకివ్వమని తండ్రిని అడిగిన కుర్రాడికి బుద్ధుడు ప్రవ్రజ్య ఇప్పించాడు. అప్పుడు శుద్ధోదనుడు వచ్చాడు. నువ్వు పోయినప్పుడు బాధపడ్డాను, నందుడు పోయినప్పుడూ అంతే, రాహులుడు పోతే ఇక ఎముక మూలుగులోకి దిగిందన్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇకపై ఏ కుర్రాణ్ణీ చేర్చుకోకూడదని బుద్ధుడు వినయ నియమం చేశాడు. మా వృత్తి దృష్టితో చూస్తే ఇది ఇకముందుకు వర్తించే చట్టం, వెనక్కి కాదు. రాహులుడు సంఘంలోనే ఉండిపోయాడు. ఒక ముసలి తండ్రి దుఃఖం విని గురువు తన సంస్థ నియమం మార్చుకున్నాడు, అదే మాకు ముఖ్యం. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో సిద్ధార్థుణ్ణి అర్ధరాత్రి దొంగచాటుగా పంపలేదు. తల్లిదండ్రులకు, యశోధరకు చెప్పించి పంపాడు. కల్పించాడని విమర్శించేవాళ్లు మజ్ఝిమ నికాయంలో అరియపరియేసన సుత్తం చూడాలి. తల్లిదండ్రులు ఇష్టపడక, కన్నీళ్లు పెట్టుకుంటుండగా వెళ్లానని అక్కడ బుద్ధుడే చెబుతాడు.

అయితే వెస్సంతర జాతకం మాటేమిటి? జాతకాల్లో 547వది, చివరిది. దానం చేయడమే వ్రతంగా పెట్టుకున్న రాకుమారుడు అడవిలో ఉండగా, పెళ్లానికి పనిపిల్లలు కావాలని జూజకుడనే బ్రాహ్మణుడు వస్తాడు. తల్లి మద్ది పండ్ల కోసం పోయిన వేళ. చెరువులో దాక్కున్న జాలిని, కణ్హాజినను తండ్రే పిలిచి అప్పగిస్తాడు. జూజకుడు తీగలతో కట్టి కొడుతూ తీసుకుపోతాడు. విడిపించుకోవాలంటే ఎంత కట్టాలో తండ్రే ధర నిర్ణయిస్తాడు. కొడుకుకు వెయ్యి నిష్కాలు. కూతురికి ఏనుగులు, గుర్రాలు, దాసీలు అన్నీ నూరేసి. ఎందుకంత అంటే, తక్కువ పుట్టుక వాడెవడూ డబ్బు కట్టి పిల్లను విడిపించుకోకూడదని. ఇది గుంటూరు ప్రాంతపు గోలి స్తూపం మీద మన శిల్పులు చెక్కిన కథ. అజంతా 17వ గుహలో ఒక గోడ మీద ఈ కథ ఉంది, అదే గుహలో బుద్ధుడి ముందు నిలబడ్డ తల్లీకొడుకుల బొమ్మా ఉంది. ఏది చూపించి పిల్లలకు పాఠం చెప్పాలో తేల్చుకోవాల్సింది మనం.

మిలిందుడికి కూడా ఇది మింగుడు పడలేదు. ఏడుస్తున్న పిల్లలను ఇవ్వడం ధర్మమా అని నాగసేనుణ్ణి అడిగాడు. నాగసేనుడి జవాబుల్లో ఒకటి, అప్పులపాలైన తండ్రి, బతుకుతెరువు లేని తండ్రి కొడుకును తాకట్టు పెట్టవచ్చు, అమ్మవచ్చు కదా అని. చదివి మేము పుస్తకం మూశాం. అజీగర్తుడికి మనువు ఇచ్చిన తీర్పే ఇది, మన భిక్షువు నోట. దానం గొప్పదంటే ఇచ్చే వస్తువు తనదై ఉండాలి. పిల్లలు తండ్రి సొత్తు అని ఒప్పుకుంటే తప్ప ఈ దానం దానం కాదు. సిగాలుడికి చెప్పిన మాటతో ఇది పొసగదు. జాతకాల్లో గాథలే పిటకంలోవి, వచన కథ తరవాతి వ్యాఖ్య అని పండితులు చెబుతారు. ఆ వాదం వెనక దాక్కోవాలని మాకు లేదు. ఐతరేయాన్ని నిలదీసే నోటితోనే వెస్సంతరుణ్ణీ నిలదీయాలి. పున్నమి సభల్లో దీన్ని దాన పారమితకు ఆదర్శంగా చెప్పడం మానాలని మా అభిప్రాయం. చెప్పేవాళ్లు మద్ది ఇంటికొచ్చి పిల్లల కోసం వెతుక్కున్న రాత్రిని కూడా చెప్పాలి.

ఇదంతా పాత తాళపత్రాల గొడవ అనుకునేవాళ్లు మా వైపు రండి. బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇటుక బట్టీలకు పోయే కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని పోతాయి. అడ్వాన్సు పద్దు తండ్రి పేరు మీద ఉంటుంది, ఇటుక తిప్పేది పిల్లలు. పిల్లల శ్రమను తల్లిదండ్రులు తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదని 1933లోనే చట్టం వచ్చింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అజీగర్తుడి ఆకలి అబద్ధం కాదని మాకు తెలుసు. ఆవుల మంద తోలుకొచ్చిన రోహితుణ్ణి ఎవరూ కేసులో చేర్చరని కూడా తెలుసు.

ఇక్కడి హిందీ పత్రికల్లో 'బేదఖల్' అనే చిన్న ప్రకటనలు వస్తుంటాయి. ఫలానా నా కొడుకు నా మాట వినడం లేదు, అతనితో నాకు సంబంధం లేదు, చరాస్థిరాస్తుల నుంచి వెళ్లగొట్టాను అని. వేరే కులం పిల్లను చేసుకున్నందుకు వేయించేవి ఉంటాయి, దీక్ష తీసుకున్నందుకు వేయిస్తామని బెదిరించేవాళ్లూ ఉంటారు. అలాంటి కాగితం పట్టుకుని భయంతో వచ్చే కుర్రాళ్లకు మేము చెప్పేది ఇది. తండ్రి స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాసుకోవచ్చు. ఉమ్మడి పిత్రార్జితంలో నీ వాటాను పత్రికా ప్రకటన తుడిచేయలేదు. 1956 వారసత్వ చట్టం రెండో సెక్షన్ బౌద్ధులకూ వర్తిస్తుంది, కాబట్టి దీక్ష తీసుకున్నంత మాత్రాన వాటా పోదు. ఆ ప్రకటన కత్తిరించి దాచుకో, దావా వేయాల్సి వస్తే పనికొస్తుంది.